ఓబన్న నొక్కినాడా

మళ్లీ నొక్కినాను, మళ్లీ ఆగిపాయ. గాజు కిటికీ అవతల, వొలిచిన శెనక్కాయ గింజల్ని గానుగల దాకా తోసుకుంటా పోయే స్క్రూ కన్వేయరు ఒకసారి మూలిగి, గింజలేమీ లేని ఉత్త ఇనప తొట్టిలో కదలకుండా నిలబడిపాయ. స్టార్టు నొక్కితే తిరిగింది. స్టాప్ నొక్కితే ఆగింది. ఎంత బుద్ధిగా చెప్పిన మాట వింటాండాదో చూడు, బడి తనిఖీకి వచ్చినాయన ముందర ఎక్కాలు అప్పజెప్పే పిల్ల మాదిరి. ఒక మిషను సరిగ్గా పని చేస్తాంటే ఇంత కోపం రావడం నా జన్మలో ఇదే మొదలు. మొండికేయవే, ఒక్కసారి మొండికేయవే తల్లీ, నీ కాళ్లు మొక్కుతా అని లోపల్లోపల బతిమాలుకుంటాండాను. ఇది ఆగిన ప్రతిసారీ ఓబన్న ఇంకొంచెం అబద్ధాలకోరు అవుతాండాడు. నా వేలి కొసన స్టాప్ బటను మెత్తగా లోపలికి పోతాది, మెత్తగా బయటికి వస్తాది, దానికేమీ పట్టనట్టు. నొక్కి నొక్కి వేలు తిమ్మిరెక్కింది. ఇంకోసారి. ఆగింది. థూ.

జీపు అనంతపురంలో బయలుదేరిందంట, ఈపాటికి కూడేరు దాటుంటాది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు దాంట్లో వస్తాండాడు. మా మేనేజరు నారాయణప్ప ఎదురుపోయి తోడుకొని వస్తానని పోయినాడు. పోతా పోతా ఈ కంట్రోలు రూము వాకిట్లో నిలబడి, చెప్పులేసుకున్న కాళ్లు గడపకు అవతలే పెట్టుకొని, "నాగలక్ష్మమ్మా, నిన్నేమీ అబద్ధం చెప్పమనడం లేదమ్మా. బటను పని చేస్తాందా లేదా అని అడుగుతాడు. చేస్తాంది అని చెప్పు. నిజమే కదా అది?" అన్నాడు. నిజమే. ఆయప్ప పోయినప్పట్నుంచీ ఆ నిజాన్నే నొక్కి నొక్కి చూస్తాండాను. నారాయణప్ప చెడ్డోడా అంటే కాదు. మూడేండ్లుగా వానల్లేవు, మన చేన్లలో కాయ లేదు, యాడాడి నుంచో లారీల్లో తెప్పించిన కాయతో మిల్లు నడుస్తాండాది. తప్పు మిషనుదని తేలితే మిల్లుకు తాళం పడుతాది, తాళం పడితే ఇంతమంది యాడికి పోవల్ల అని ఆయప్ప భయం. ఒక్క మనిషి పేరు చెప్పేస్తే అంతా గట్టెక్కుతాదని ఆయప్ప లెక్క. ఆ ఒక్క మనిషి ఇప్పుడు బయట తూకం రూము గోడ నీడలో గొంతుకూర్చోనుండాడు, పొద్దున్నుంచీ, నీళ్లు కూడా తాగకుండా.

నేను ధర్మవరం పిల్లను. మా నాయన హనుమంతరాయుడు పట్టుచీరలు నేస్తాడు. కరువులో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని ఊరికే కూర్చునే రోజులే ఎక్కువైనాయి ఆయనకు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివితే ఇంట్లో అందరూ రేడియోలు బాగుచేసే చదువనుకున్నారు. పోయిన సంవత్సరం మా సేటు లక్షణంగా ఉన్న పాత బోర్డు పీకించి బెంగళూరు కంపెనీ వాళ్ల చేత ఈ పెట్టె పెట్టించినాడు. దీన్ని చూసుకునేకి చదువుకున్న మనిషి కావల్లని నన్ను పెట్టుకున్నారు. అంతకుముందు గోడ నిండా బటన్లే ఉండేవంట, ఒక్కో మిషనుకు పచ్చదొకటి, ఎర్రదొకటి, పుట్టగొడుగు మాదిరి పైకి ఉబ్బి, చీకట్లో తడిమినా చేతికి తగిలేటట్ల. ఇప్పుడు గోడకు రంధ్రాలే మిగిలినాయి. వాటికి బదులు ఒక తెర, తెర కింద వరసగా కొన్ని చదరపు బటన్లు. ఏ బటను ఏ పని చేస్తాదో తెర మీద దాని నెత్తినే రాసుంటాది. పేజీ మారితే ఆ రాత మారుతాది, రాతతో పాటు బటను పనీ మారుతాది. మొదటి దినం యేసన్న చీపురు చేతిలో పట్టుకొనే తలుపు సందులోనుంచి తొంగిచూసి, "అమ్మణ్ణీ, ఆదివారం సినిమా దీంట్లో కూడా వస్తాదా?" అని అడిగినాడు. రాదన్నా, దీంట్లో మన మిల్లే వస్తాది అంటే, "మిల్లు చూసేకి టీవీ ఎందుకమ్మా, కిటికీ ఉండాది కదా" అని నవ్వినాడు. కన్వేయర్ల కింద ఊడ్చేది, మూతలు తీసి చెత్త ఏరేది ఆయప్ప పని. ఆదివారం చర్చీలో డోలకు వాయిస్తాడు. వాయించేవాడు.

ఆ వాయించే చెయ్యే. కుడి చెయ్యి. నేను చూడలేదు, వెనక వర్క్‌షాపులో కాలిపోయిన రిలే ఒకటి విప్పుకొని కూర్చోనుంటిని. కానీ అందరూ చెప్పగా చెప్పగా, చూసినదానికంటే ఎక్కువగా కనిపిస్తాండాది. గోనెసంచి పేలిక ఒకటి గింజలతో పాటు పోయి స్క్రూకు చుట్టుకుంది. గింజలు ముందుకు పోలేక వెనక పేరుకుంటా వచ్చినాయి. యేసన్న మూత తీసి పేలిక కొస పట్టుకొని లాగినాడు, మర తిరుగుతాండగానే. తిరిగే మరలో చెయ్యి పెట్టకూడదని అందరికీ తెలుసు, ఊరికే ఊరికే ఆపితే ఎవురు అరుస్తారో కూడా అందరికీ తెలుసు. పేలిక ఆయప్ప మణికట్టుకు చుట్టుకొని లోపలికి లాక్కుంది. ఓబన్న ఈ కుర్చీలోనే ఉండాడు, ఈ కిటికీలోనుంచే చూసినాడు, మధ్యలో ఉత్త అద్దమే. మోటరు బరువు మొయ్యలేక దానంతటది ఆగిపోయేదాకా మర తిరుగుతానే ఉన్నింది. ఆ సాయంత్రం ఓబన్న నా ముందర నిలబడి రెండు చేతులూ చూపించినాడు, ఏదో ఆ చేతుల మీదే రాసుండాది, నన్ను చదవమన్నట్టు. "నొక్కినా లక్ష్మమ్మా. రెండు తూర్లు నొక్కినా. నా బిడ్డ మీద ఆన." అంతకంటే ఎక్కువ మాటలు లేవు ఆ మనిషి దగ్గర. కుందుర్పి వైపు మనిషి, ఉన్న నాలుగెకరాలు ఎండిపోతే పెండ్లాన్నీ బిడ్డనీ తీసుకొని ఈడికొచ్చి మిల్లులో చేరినాడు. మాటకు మాట చెప్పే అలవాటు లేదు. నారాయణప్ప గట్టిగా అడిగితే తల వంచుకున్నాడు. తల వంచుకుంటే తప్పు చేసినట్టే కదా ఎవురికైనా.

మళ్లీ నొక్కల్లా? నొక్కినా. ఆగింది. బటను కింద తీగలు చూసినా, మీటరు పెట్టి చూసినా. బటన్ల నుంచి పెట్టెలోకి పోయే పట్టీ తీగ ఊడదీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టినా. వెనక బీరువాలో కంట్రోలరు మీద చిన్న ఎర్రదీపాలు వరసగా ఉంటాయి, స్టాప్ నొక్కినప్పుడల్లా దాని దీపం టక్కున వెలుగుతాండాది. దుమ్మా అంటే దుమ్ము కాదు. వోల్టేజీ పడిపోయిందా అంటే ఆ దినం అన్ని మిషన్లూ తిరుగుతాండె. ఇంగేముండాది? ఆ ఒక్క దరిద్రపు మాట ఉండాది. 'కీ ఎర్రర్'. తెర అడుగున అప్పుడప్పుడు వచ్చి పోతాండే మాట. మిల్లులో ఎవురికీ దాని అర్థం తెల్దు, బటను తప్పు అని వాళ్లకు నేనే చెప్పినా. తప్పు ఏమి తప్పు? నాకూ తెల్దు. అది వచ్చినప్పుడల్లా నేను స్పిరిట్టులో దూది ముంచి బటన్లు తుడిచేది, ఎవురో బట్టలకు సబ్బు రుద్దినట్టు. ఒకసారి బటన్ల పలక మొత్తం మార్చినాము. మారినాక రెండు దినాలు లేదు, మూడో దినం మళ్లీ వచ్చింది. యాష్టకొచ్చి అట్లే వదిలేసినాము. దానివల్ల ఏదీ ఆగలేదు కాబట్టి.

పొద్దున బెంగళూరుకు ట్రంకాల్ చేసినా. కాసుకొని కాసుకొని లైను దొరికితే, అవతల ఆయప్పకు నా గొంతు వినపడితే చాలు, "అక్కడ ఇంజనీరు ఎవరైనా ఉంటే ఇవ్వమ్మా" అంటాడు. నేనే సార్ చూసేది అన్నా. "మీ ఆపరేటరు పక్క బటను నొక్కుంటాడమ్మా. పల్లెటూరోళ్లు కదా, కంగారు పడుంటాడు." పక్క బటను కాదు సార్, అదే బటను నొక్కినా అంటాండాడు. "నువ్విప్పుడు నొక్కితే పని చేస్తుందా?" చేస్తాంది. "మరింకేం?" లైను పోయింది. మరింకేం. ఆ మాట పొద్దున్నుంచీ చెవిలో జోరీగ మాదిరి తిరుగుతాండాది. నా చేతికి వంద సార్లు లొంగే బటను, ఆ మనిషి చేతికి ఆ ఒక్క నిమిషంలో ఎందుకు లొంగలేదు? లేకపోతే ఓబన్న నొక్కనే లేదా? ఆ రక్తం చూసి చేతులు పడిపోయి బొమ్మ మాదిరి కూర్చున్నాడా? తర్వాత నొక్కినట్టు తనకు తనే చెప్పుకొని చెప్పుకొని నమ్మేసినాడా? మనుషులు అట్ల నమ్ముకుంటారు. నిజానికి నేనే ఒక్కోసారి కిరసనాయిలు పొయ్యి ఆర్పినానా లేదా అని బస్సెక్కినాక తలకాయ పట్టుకుంటా. ఆర్పినట్టు చెయ్యి తిప్పిందే గుర్తొస్తాది, అది ఈ దినందా నిన్నటిదా తెలియదు.

పోయిన ఆదివారం అనంతపురం ఆసుపత్రికి పోయినా, యేసన్నను చూసేకి. బస్సు కిటికీలోనుంచి రెండు పక్కలా ఎర్రమట్టి, దుక్కి చేసి వానకోసం వదిలేసిన చేన్లు, దున్నిన సాళ్లు కూడా గాలికి పూడిపోయి నున్నగా. గొర్రెల కాపర్లు, ముదిగుబ్బ పక్కనుంచి వచ్చినట్టుండారు, మందనొకదాన్ని రోడ్డు మింద తోలుకొని పోతాండారు, గడ్డి యాడుంటే ఆడికి. డ్రైవరు హారను కొట్టి కొట్టి యాష్టపడినాడు, గొర్రెలకు పక్కకు జరిగే సత్తువ కూడా లేదు. ఆసుపత్రిలో యేసన్న కండ్లు మూసుకోనుండాడు, చెయ్యి గుడ్డల్లో చుట్టి ఎత్తున కట్టినారు, ఆ మూట చేతి కంటే పొట్టిగా ఉండాది. ఆయప్ప పెండ్లాము పెద్దక్క నన్ను వరండాలోకి ఈడ్చుకొచ్చింది. "మా మనిషి ఓబన్నా ఓబన్నా అని పేరు పెట్టి అరిసినాడంట తల్లీ. వాడు అద్దం లోపల్నుంచి చూస్తా కూసున్నాడంట. చూస్తా కూసున్నాడు!" ఆయమ్మ అంతకుముందే ఓబన్న ఇంటి ముందర నిలబడి, జుట్టు విరబోసుకొని, పిడికిళ్లతో మన్ను తలుపు మీద కొట్టి వచ్చింది. ఆ రెండు కొంపలూ ఒక కొళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవి. ఇప్పుడు ఓబన్న పెండ్లాము చెన్నమ్మ ఆ కొళాయి కాడికి పోదు. నేను పెద్దక్కకు ఏమి చెప్పల్ల? బటను బాగుండాదని చెప్పల్లా? బాగుండాది అనేది ఓబన్న ఇంటి మింద ఇంకో పిడికెడు మన్ను.

గమ్మునుండు. గమ్మునుండి ఆలోచించు. ఆ పొద్దు ఏమి వినపడింది నీకు? కనపడింది వదిలేయి, నువ్వేమీ చూడలేదు, వినింది చెప్పు. వర్క్‌షాపులో కూర్చోనుంటిని. సోల్డరింగు కడ్డీ వేడెక్కింది, దాని కొసకు రాసిన రోజిను బంక పొగ ముక్కుకు కొడతాండె. రేకుల కప్పు మింద కాకి నడుస్తాండె. అప్పుడు సైరను లేచింది. తొట్టిలో గింజలు పేరుకుంటే మోగే సైరను. అబ్బా మళ్లీనా అనుకుంటి. అనుకుంటాండగానే అది ఆగిపాయ. మొదలెట్టి ఊపిరి తీసుకునే లోపల, గొంతు పట్టుకొని నొక్కినట్టు, ఠక్కున. పర్వాలేదు, ఓబన్న చూసుకున్నాడు అనుకొని మళ్లీ కడ్డీ తీసుకున్నా. అరుపులు ఆ తర్వాత వచ్చినాయి. సైరను ఆగినాక వచ్చినాయి. కాదు, అరుపులు ముందునుంచీ ఉండే ఉంటాయి, సైరను కింద వినపడలేదు, అది ఆగినాక వినపడినాయి.

సైరను ఎవురు ఆపినారు?

అది దానంతటది ఆగదు. ఎవురో ఒకరు, విన్నాను అని బటను నొక్కల్ల. నొక్కకపోతే మిల్లంతా దద్దరిల్లుతానే ఉంటాది. ఈ రూములో ఓబన్న ఒక్కడే ఉండె. బొమ్మ మాదిరి కూర్చున్నవాడు సైరను ఎట్ల ఆపినాడు? చేతులు పడిపోయినవాడు బటను ఎట్ల నొక్కినాడు? నొక్కినాడు. ఏదో ఒకటి నొక్కినాడు. బెంగళూరు కంపెనీ మనిషి మొదటి దినం పాఠం చెప్తా ఎంత గొప్పగా చెప్పినాడు: మీరు ఏ పేజీలో ఉన్నా సరే, అలారం వస్తే దాని పేజీ దానంతటదే ముందుకొచ్చేస్తుంది, మీ ఆపరేటరు వెతుక్కోనక్కర్లేదు. నేను కూడా అబ్బా ఎంత తెలివి అనుకుంటి. పేజీ దానంతటదే వస్తాది. పేజీ మారితే రాత మారుతాది. రాత మారితే బటను... కుర్చీలో నుంచి లేచి పోయి బీరువాలో నుంచి ఆ పేజీల బొమ్మలు తీసి చూడల్సిన పని కూడా లేదు, నాకు కండ్లకు కట్టినట్టుండాది. కన్వేయరు పేజీలో ఎడమనుంచి మూడోది స్టాప్. అలారం పేజీలో ఎడమనుంచి మూడోది, విన్నాను.

ఇన్ని దినాలూ నేను ఏ అలారమూ లేనప్పుడు నొక్కి చూస్తాండాను. అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు. ఎవురి చెయ్యీ లోపల లేనప్పుడు.

వాకిట్లోకి పోయి, "ఓబన్నా!" అని అరిసినా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయప్ప లేచి ఈడ్చుకుంటా వచ్చి గడప కాడ నిలబడినాడు, ఇన్‌స్పెక్టరు వచ్చేసినాడేమో అన్నట్టు చొక్కా గుండీలు పెట్టుకుంటా. లోపలికి రా, వచ్చి ఈ కుర్చీలో కూర్చో అంటే రాలేదు. "నన్ను ముట్టుకోవద్దన్నారు కదమ్మా దీన్ని." నేను చెప్తాండా, కూర్చో. కూర్చున్నాడు, కుర్చీ అంచు మీద, కాలుతాండే పెనం మింద కూర్చున్నట్టు. కన్వేయరు నడిపినాను. ఉత్త మర తిరుగుతాండాది. నేను బీరువా వెనక్కి పోతాను అన్నా, సైరను మోగిన వెంటనే ఆ దినం ఎట్ల నొక్కినావో అట్లే నొక్కు, ఏమీ ఆలోచించొద్దు. ఆయప్ప ముఖం చూడకుండా వెనక్కి పోయి, తొట్టి నిండిందని చెప్పే స్విచ్చు తీగలు రెండూ ఒక చిన్న తీగ ముక్కతో కలిపినాను. సైరను లేచింది. లేచి, ఠక్కున ఆగిపాయ. ఆ దినం వర్క్‌షాపులో వినింది అదే, అచ్చం అదే. కన్వేయరు మాత్రం తిరుగుతానే ఉండాది.

నేను ముందుకొచ్చే లోపల ఓబన్న ఇంకోసారి నొక్కినాడు. తెర అడుగున వచ్చింది, 'కీ ఎర్రర్'. సైరను ఆపేసినాక ఆ పేజీలో ఆ బటనుకు ఇంక పనేమీ లేదు. పనిలేని బటను నొక్కితే వచ్చే మాట అది. అంతే. సంవత్సరం పొడుగూతా స్పిరిట్టు పోసి తుడిచింది దీన్నే. ఎవురో మనిషి ఆపల్లని నొక్కుతాంటే, తప్పు నీదే అని అది జవాబు చెప్తాండె. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ తెరను గుద్దల్ల అనిపించింది. ఓబన్న తెరను చూడలేదు, కిటికీలోనుంచి తిరిగే మరనే చూస్తాండాడు. "ఇట్లే లక్ష్మమ్మా. ఇట్లే. నొక్కినా, అరుపు ఆగిపాయ, ఇది ఆగలేదు." నా వైపు తిరక్కుండానే, "నాకు కూడా అనుమానం వచ్చిండె. అందరూ అట్లంటాంటే. నొక్కలేదేమో నేను అని" అన్నాడు. ఇంకా కొన్ని దినాలు పోయుంటే ఈ మనిషి, నొక్కలేదు అని వొప్పుకునేవాడు. మనసారా వొప్పుకునేవాడు.

తీగ ముక్క పీకేసి, అలారం పేజీ మూసి, మర ఆపినాను. జీపు శబ్దం. నారాయణప్ప గొంతు, నవ్వు తెచ్చిపెట్టుకున్న గొంతు. ఇన్‌స్పెక్టరు తెల్లచొక్కా మనిషి, చెమట తుడుచుకుంటా లోపలికొచ్చినాడు. ఆయన వెనక, అనంతపురం నుంచి అదే జీపులో తీసుకొచ్చినట్టుండారు, పెద్దక్క. కొంగు బిగించుకొని, ఎవురితోనైనా కొట్లాడేకి వచ్చినట్టు. ఓబన్నను చూడగానే ముఖం తిప్పుకుంది. ఓబన్న కుర్చీలోనుంచి లేచి గోడకు ఆనుకున్నాడు. నారాయణప్ప కన్వేయరు పేజీ చూపించి, స్టార్టు నొక్కి, స్టాప్ నొక్కి, "చూసినారు కదా సార్, పువ్వు మాదిరి పని చేస్తాది. ఈమె మా నాగలక్ష్మమ్మ, దీన్ని చూసుకునేది ఈమే, అడగండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, "బటన్‌లో లోపం ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగినాడు.

లేదు సార్ అన్నా. బటన్లో లేదు. నారాయణప్ప ఊపిరి వదిలినాడు. సార్, ఒక్కసారి మేనేజరు గారినే ఈ కుర్చీలో కూర్చోమనండి అన్నా. ఇంకేమీ చెప్పలేదు, చెప్తే మాటలు పోయి మాటల్లో కలుస్తాయి, ఎవురో ఒకరు మధ్యలో నన్ను గమ్మునుండమంటారు. నారాయణప్ప కూర్చున్నాక ఆయనతో, "సైరను మోగితే యేసన్న చెయ్యి లోపల ఉండాదనుకోండి సార్. ఆపండి." అని, మళ్లీ స్టార్టు నొక్కి మర తిప్పి, వెనక్కి పోయి తీగ కలిపినా.

సైరను లేచింది, ఆగిపాయ. ఆ గొంతు ఆగినాక మర తిరిగే చప్పుడే మిగిలింది, ఇనుము ఇనుమును రాసుకునే చప్పుడు. నేను ముందుకొచ్చేసరికి నారాయణప్ప అదే బటను నొక్కుతాండాడు. మెల్లగా నొక్కినాడు, గట్టిగా నొక్కినాడు, బొటనవేలితో నొక్కినాడు, వరసపెట్టి టకటకా నొక్కినాడు. తెర కింద ఆ రెండు మాటలూ వెలుగుతా ఆరుతా ఉండాయి. నారాయణప్ప చెవులు ఎర్రగైనాయి. "ఏమప్పా ఇది, ఏమైంది దీనికి, ఇప్పుడే కదా..." ఆయప్ప వేళ్లు పక్క బటన్ల మింద పరుగులు పెడుతాండాయి, ఏదో ఒకటి, ఏదో ఒకటి దొరికితే చాలని. ఇంత చదువుకున్న మనిషి, నిమ్మళమైన నిమిషంలో, ఎవురి రక్తమూ లేకుండా. నాకు ఆయప్ప మింద కోపం రావల్లనే, వచ్చింది కూడా, కానీ ఆ తడుముకునే వేళ్లు చూస్తాంటే ఆ కోపం నిలవలేదు.

"ఆపు తల్లీ దాన్ని!" అని అరిసింది పెద్దక్క. రెండు చెవులూ మూసుకోనుండాది. "ఏందైనా కానీ, ముందు దాన్ని ఆపు!"

నారాయణప్ప చెయ్యి పక్కకు జరిపి, అలారం పేజీ మూసినాను. వెనకటి పేజీ అడిగినాను. తెర ఒకసారి నల్లగై, మెల్లగా, పై నుంచి కిందికి గీతలు గీతలుగా ఆ పేజీ వచ్చింది. వచ్చినాక స్టాప్ నొక్కినాను. మర ఆగింది. ఇన్‌స్పెక్టరు ఆ తెరను చూసి, కిటికీలోనుంచి తొట్టిని చూసి, మధ్యలో ఉన్న అద్దాన్ని వేలితో తాకినాడు. "ఇంత చేయాలా? ఆ మనిషి అక్కడ అరుస్తుంటే?" అన్నాడు. అవును సార్ అన్నా. ఇది ఎవురికీ తెలియదు సార్, నాకూ ఈ మధ్యాన్నమే తెలిసింది. ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకొని, "గోడ మీద ఎర్ర బటన్ పెట్టండి, ప్రతి మిషన్‌కీ, నేరుగా మోటరుకే తీగ లాగి. పెట్టేదాకా ఇక్కడ ఏదీ తిరక్కూడదు. తర్వాత ఎవరి సంగతి వాళ్లు నాకు చెప్పుకోవచ్చు" అని నారాయణప్పతో అంటాండాడు. నారాయణప్ప తల ఊపుతాండాడు, అట్లే సార్, అట్లే సార్. మిల్లు మూతపడుతాదో లేదో నాకు తెల్దు. ఆ మాటలు యాడో దూరంగా వినపడతాండాయి నాకు. పెద్దక్క చెవుల మీదనుంచి చేతులు దించింది.

దించి, ఓబన్న వైపు తిరిగింది. వచ్చినాక ఆయప్ప ముఖం చూడ్డం అదే మొదలు. "అయితే నువ్వు నొక్కినావు."

"నొక్కినాక్కా."

"రెండు తూర్లు."

"రెండు తూర్లు."

ఆయమ్మ గోడ పట్టుకొని అట్లే కిందికి జారి కూర్చుంది, చల్లటి గచ్చు మీద, కాళ్లు చాపుకొని. నేను ఒంగి పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. "రాత్రి పూట ఆ మనిషికి లేని వేళ్లు నొప్పి పుడతాండాయంట" అంది, నాతో కాదు, ఎవురితోనూ కాదు. "నేను పక్కన కూర్చోని వీన్ని తిట్టుకుంటా ఉంటి. వీని కొంపను తిట్టుకుంటా, వీని చేతులు పడిపోవల్లని తిట్టుకుంటా ఉంటే ఎట్లనో తెల్లారేది. ఇంగ ఎవురిని తిట్టుకోల్ల నేను? దీన్నా?" తెర వైపు చెయ్యి చూపించింది. తెర మీద కన్వేయరు పేజీ పచ్చగా, నెమ్మదిగా వెలుగుతాండాది.

నారాయణప్ప కిటికీ వైపు తిరుక్కున్నాడు. ఓబన్న గోడకాడ నుంచి వచ్చి ఆయమ్మ ముందర గొంతుకూర్చున్నాడు, తల వంచుకోకుండా.

"నన్నే తిట్టుకో అక్కా" అన్నాడు. "ఇన్ని దినాలు తిట్టినావు, నాకేమైంది. తిట్టు."

పెద్దక్క నోరు తెరిచింది. ఒక్క తిట్టూ రాలేదు.